వెళ్లే హక్కు ఉంది, వెళ్లే చోటేదీ?

2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్, ఆ మర్నాడే వొడాఫోన్ ఐడియా రీచార్జి ధరలు పెంచాయి. ప్లాన్‌ను బట్టి 11 నుంచి 25 శాతం దాకా వడ్డన. జియోలో రూ.155 ఉన్న 28 రోజుల ప్లాన్ రూ.189 అయింది. ఎయిర్‌టెల్‌లో రూ.179 కాస్తా రూ.199కి ఎక్కింది. జనానికి ఒళ్లు మండింది. ‘పదండి, బీఎస్ఎన్ఎల్‌కి పోదాం’ అంటూ సామాజిక మాధ్యమాలు హోరెత్తాయి. కోపం పోస్టులతో ఆగలేదు. నంబరు అలాగే ఉంచుకుని నెట్‌వర్క్ మారతామంటూ ఆ ఒక్క నెలలోనే దేశవ్యాప్తంగా 1.36 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం జులైలో ఎయిర్‌టెల్ నికరంగా 16.9 లక్షలు, వొడాఫోన్ ఐడియా 14.1 లక్షలు, జియో 7.6 లక్షల కనెక్షన్లు పోగొట్టుకున్నాయి. బీఎస్ఎన్ఎల్‌కు 29.4 లక్షలు కలిశాయి.

ఇంతమంది గడప దాటి పోతుంటే ఏ వ్యాపారికైనా గుండె గుభేలుమనాలి. టెలికంలో అలా జరగలేదు. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో జియో చందాదారులు 1.09 కోట్లు తగ్గారు. అదే మూడు నెలలకు జియో ప్లాట్‌ఫామ్స్ ప్రకటించిన నికర లాభం రూ.6,539 కోట్లు. అంతకు ముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే 23 శాతానికి పైగా ఎక్కువ. మరోవైపు వొడాఫోన్ ఐడియాను వదిలిపోయినవాళ్లు 51 లక్షలే, అంటే జియోలో సగం కూడా లేరు. ఆ కంపెనీ నష్టం మాత్రం రూ.7,176 కోట్లు.

ఎక్కువ మందిని పోగొట్టుకున్నవాడికి లాభం, తక్కువ మందిని పోగొట్టుకున్నవాడికి నష్టం. ఈ తిరకాసు అర్థమైతే మన మొబైల్ బిల్లు ఎందుకు పెరుగుతోందో, ఎవరు ఆపగలరో కూడా అర్థమవుతుంది.

నెలలో ఎంత శాతం మంది నెట్‌వర్క్ వదిలిపోతున్నారో చెప్పే లెక్కను కంపెనీలు ‘చర్న్’ అంటాయి. ఒక్కో చందాదారు నుంచి నెలకు వచ్చే సగటు రాబడిని ‘ఆర్పు’ అంటాయి. లాభనష్టాల కథంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. 2024 చివరి త్రైమాసికాన్నే తీసుకుందాం. ఎయిర్‌టెల్ చర్న్ 2.5 శాతం, ఆర్పు రూ.245. నెలకు వందలో రెండున్నర మంది పోతున్నారంటే ఒక చందాదారు సగటున 40 నెలలు ఉంటాడన్నమాట. అతని నుంచి వచ్చేది మొత్తం రూ.9,800. అదే సమయంలో వొడాఫోన్ ఐడియా చర్న్ 4.5 శాతం, ఆర్పు రూ.163. ఆ చందాదారు నిలిచేది 22 నెలలు, ఇచ్చేది రూ.3,600 చిల్లర. ఇద్దరికీ సిమ్ ఇవ్వడానికి, ఆధార్ పరిశీలనకు, దుకాణదారుడి కమీషన్‌కు, ప్రకటనలకు అయ్యే ఖర్చు మాత్రం దాదాపు ఒకటే. టవర్లు, ఫైబర్, స్పెక్ట్రమ్ వాయిదాలు చందాదారులు తగ్గారని తగ్గవు. అందుకే చర్న్‌లో ఒక్క శాతం తేడా కూడా బ్యాలెన్స్ షీటు రంగు మార్చేస్తుంది.

అమెరికాలో వెరైజన్ వంటి కంపెనీకి పోస్ట్‌పెయిడ్ ఫోన్ చందాదారుల చర్న్ నెలకు ఒక్క శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అక్కడ ఫోన్‌ను నెట్‌వర్క్ కంపెనీయే వాయిదాలపై ఇస్తుంది. ఆ వాయిదాలు తీరేదాకా కాలు కదపడం కష్టం. మన దగ్గర ఫోన్ ఎవరిది వారే కొనుక్కుంటారు. అత్యధికులు ప్రీపెయిడ్. ఒప్పందం లేదు, బాకీ లేదు. ఫోన్లలో రెండు సిమ్‌లకు చోటుంది. పదేళ్లుగా వాడుతున్న నంబరు పోతుందన్న బెంగ ఒక్కటే ఒకప్పుడు అడ్డుగా ఉండేది. 2010 నవంబరులో హరియాణాలో మొదలై 2011 జనవరి 20న దేశమంతటా వచ్చిన నంబర్ పోర్టబిలిటీ ఆ అడ్డునూ తీసేసింది. 2015 జులై నుంచి ఏ రాష్ట్రానికి వెళ్లినా నంబరు వెంట తీసుకెళ్లవచ్చు. ఇప్పటిదాకా వచ్చిన పోర్టింగ్ దరఖాస్తులు వంద కోట్లు దాటాయి. దక్షిణ, తూర్పు రాష్ట్రాల జోన్‌లో ఏళ్ల తరబడి కర్ణాటక తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌దిగా ఉండేది. టెలికం లెక్కల్లో ఈ సర్కిల్ అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపే. నచ్చకపోతే పోర్ట్ పెట్టేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు.

నిజానికి ఈ పరిశ్రమ చాలా కాలం లాభాన్ని కాదు, సిమ్‌లను లెక్కపెట్టుకుంది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అంటూ దిగినప్పటి నుంచి ధరల యుద్ధం ముదిరింది. ఒక్కో సర్కిల్‌లో పది, పన్నెండు కంపెనీలు. కొత్త సిమ్ తీసుకుంటే టాక్‌టైమ్ ఉచితం, అమ్మిన దుకాణదారుడికి కమీషన్. జనం ఆ టాక్‌టైమ్ అయిపోయేదాకా వాడి సిమ్ పారేసి మరోటి కొనేవారు. ముందే యాక్టివేట్ చేసిన సిమ్‌లు పాన్‌షాపుల్లో దొరికేవి. అదే మనిషి మళ్లీ మళ్లీ కొత్త చందాదారుగా లెక్కలోకి వచ్చేవాడు. కంపెనీ అతణ్ని సంపాదించడానికి మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టేది.

ఆ బుడగ 2012లో పేలింది. ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2008 నాటి 122 లైసెన్సులను రద్దు చేసింది. నవంబరు నుంచి ముందే యాక్టివేట్ చేసిన సిమ్‌ల అమ్మకాన్ని టెలికం శాఖ నిషేధించింది. డీలర్ల కమీషన్లకూ కత్తెర పడింది. 2012 జూన్‌లో 93 కోట్లకు పైగా ఉన్న మొబైల్ కనెక్షన్లు 2013 మార్చికి 87 కోట్ల దిగువకు జారాయి. ఆరు కోట్లకు పైగా ‘చందాదారులు’ మాయమైనా పరిశ్రమకు వచ్చిన నష్టం లేదు. ఎందుకంటే వారిలో చాలామంది రాబడి ఇచ్చేవారే కాదు. లెక్కలో తలలు తగ్గితే ఖజానా తగ్గనక్కర్లేదన్న పాఠం కంపెనీలకు తొలిసారి వంటబట్టింది అప్పుడే.

ఆ పాఠాన్ని 2016 సెప్టెంబరు 5 తలకిందులు చేసింది. జియో వచ్చింది. కాల్స్ ఎప్పటికీ ఉచితం అంది, డేటా 2017 మార్చి దాకా ఉచితంగా ఇచ్చింది. ఆరు నెలలు తిరగకుండానే పది కోట్ల మంది చేరారు. ట్రాయ్ లెక్కల్లో 2014లో సగటున రూ.269 పలికిన ఒక జీబీ డేటా 2018 నాటికి రూ.12 లోపుకు దిగింది. జనానికి అది పండగే. పల్లెలో రైతు వాతావరణ వీడియో చూస్తున్నాడన్నా, కూలికి వెళ్లే మహిళ గల్ఫ్‌లో ఉన్న భర్తతో వీడియో కాల్ మాట్లాడుతోందన్నా ఆ ధరల పోటీ పుణ్యమే. కానీ ఆ పోటీలో నిలబడలేనివాళ్లు ఒక్కొక్కరే దుకాణం కట్టేశారు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ సేవలు ఆపేసింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టెలినార్, టాటా టెలీసర్వీసెస్ మొబైల్ వ్యాపారాలు ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒక్కటయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టాటా సెల్యులార్‌గా మొదలై ఐడియాగా పేరు మార్చుకున్న నెట్‌వర్క్ కూడా అలా ఇంకో పెద్ద పేరులో కరిగిపోయింది. డజను కంపెనీల సంత మూడేళ్లలోపే మూడు ప్రైవేటు దుకాణాలు, ఒక సర్కారీ దుకాణంగా మారింది.

అక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒక నిబంధన పెట్టాయి. 28 రోజులకు కనీసం రూ.35 రీచార్జి చేయకపోతే సేవలు ఆగిపోతాయి. అప్పటిదాకా పది రూపాయల టాప్‌అప్‌తో నెలల తరబడి ఇన్‌కమింగ్ కాల్స్‌కే ఫోన్ వాడుకుంటున్న కోట్లాది మందికి ఇది పొమ్మనలేక పొగబెట్టడమే. ఎయిర్‌టెల్ చందాదారుల సంఖ్య ఒక్క త్రైమాసికంలో నాలుగు కోట్లకు పైగా తగ్గింది. కంపెనీ కంగారు పడలేదు. 2018 అక్టోబరు-డిసెంబరులో రూ.104 ఉన్న ఆర్పు తర్వాతి మూడు నెలల్లో రూ.123కి చేరింది. పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు ఎక్కువ ఇచ్చారు. చర్న్ అంటే కంపెనీకి తగిలే దెబ్బ అనుకుంటాం. ఇక్కడ చర్న్ కంపెనీ ఎంచుకున్న జల్లెడ.

ఈ జల్లెడ అందరి చేతిలోనూ ఒకేలా పనిచేయదు. విలీనం నాటికి వొడాఫోన్ ఐడియా చేతిలో 40 కోట్లకు పైగా చందాదారులుండేవారు. అప్పుడు దేశంలో అతిపెద్ద నెట్‌వర్క్ దానిదే. ఇప్పుడు ఆ సంఖ్య 20 కోట్ల దిగువకు పడిపోయింది. ఈ కంపెనీ నుంచి పోయింది పది రూపాయల టాప్‌అప్ వాళ్లు మాత్రమే కాదు. నెట్‌వర్క్ బాగున్న చోటికి ఎక్కువ బిల్లు కట్టేవాళ్లే ముందు వెళ్లిపోయారు. వాళ్లు పోతే రాబడి తగ్గుతుంది. రాబడి తగ్గితే టవర్లు పెట్టలేరు. టవర్లు లేకపోతే మరికొందరు పోతారు. 2019 అక్టోబరు 24న ఏజీఆర్ బకాయిలపై (కంపెనీల ఆదాయంలో ప్రభుత్వానికి చెల్లించాల్సిన వాటా) సుప్రీంకోర్టు తీర్పుతో సుమారు రూ.58 వేల కోట్ల భారం మీద పడింది. ఆ జులై-సెప్టెంబరు త్రైమాసికానికి కంపెనీ చూపించిన నష్టం రూ.50,922 కోట్లు. అప్పటికి దేశంలో ఏ కంపెనీ మూడు నెలల్లో అంత నష్టం చూపించలేదు. జియో, ఎయిర్‌టెల్ 2022 అక్టోబరులో 5జీ మొదలుపెడితే, ఈ కంపెనీ ముంబయిలో మొదలుపెట్టేసరికి 2025 మార్చి వచ్చింది. కొత్త 5జీ ఫోన్ కొన్నవాడు రెండున్నరేళ్లు ఆగుతాడా? ప్రభుత్వం బకాయిలను వాటాగా మార్చుకుంటూ పోయి ఇవాళ 49 శాతంతో అతిపెద్ద వాటాదారు అయింది.

కాబట్టి జవాబు ఇది. చందాదారు పోతే నష్టమా, లాభమా అన్నది ఎందరు పోయారన్న దాన్ని బట్టి కాదు, పోయినవాడు మళ్లీ ఎక్కడికి తిరిగి రావాల్సి వస్తుందన్న దాన్ని బట్టి తేలుతుంది. 2024లో బీఎస్ఎన్ఎల్‌కు వెళ్లినవాళ్ల సంగతే చూడండి. జులై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలల్లో ఆ సంస్థకు కలిసిన కనెక్షన్లు సుమారు 68 లక్షలు. జులైలో 29 లక్షలు, ఆగస్టులో 25 లక్షలు, సెప్టెంబరులో 8.5 లక్షలు, అక్టోబరులో 5 లక్షలు. నవంబరులో లెక్క తిరగబడి 3.4 లక్షలు తగ్గాయి. ధర నచ్చి వెళ్లినవాళ్లకు అక్కడ 4జీ సిద్ధంగా లేదు. దేశీయ పరిజ్ఞానంతో టీసీఎస్, తేజస్, సీడాట్ కలిసి తయారుచేసిన 4జీని దేశవ్యాప్తంగా లాంఛనంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. అంటే జనం తలుపు తట్టిన ఏడాది తర్వాత. ఆ నాలుగు నెలల కోపం చల్లారేలోగా జియో ఆర్పు రూ.181.7 నుంచి రూ.195.1కి, ఆ తర్వాతి త్రైమాసికంలో రూ.203.3కి చేరింది. చార్జీలు వెనక్కి తగ్గలేదు.

కంపెనీల వాదన తీసిపారేసేదేమీ కాదు. 2022 స్పెక్ట్రమ్ వేలంలోనే జియో రూ.88,078 కోట్లు, ఎయిర్‌టెల్ రూ.43,084 కోట్ల మేర కొన్నాయి. ప్రపంచంలో అతి చౌకగా డేటా ఇచ్చే దేశాల్లో మనదీ ఒకటి. 2019లో ఎయిర్‌టెల్ ఒకే త్రైమాసికంలో రూ.23,045 కోట్ల నష్టం చూసింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా మూతపడితే ఒక్క ప్రైవేటు దుకాణమే మిగిలేది. ఆరోగ్యకరమైన లాభం లేకపోతే 5జీ పల్లెకు రాదు. ఇదంతా నిజమే. అభ్యంతరం లాభం మీద కాదు. మంచి సేవ ఇచ్చి చందాదారును నిలుపుకున్నందుకు వచ్చిన లాభం వేరు, అతనికి మరో దారి లేనందుకు వచ్చిన లాభం వేరు. మొదటిది కష్టార్జితం. రెండోది రెండు సంస్థల చేతిలో దాదాపు ముప్పావు వంతు వాటా, బీఎస్ఎన్ఎల్ ఆలస్యం, వొడాఫోన్ ఐడియా నీరసం కలిసి పెట్టిన వరం.

పైగా వెళ్లే దారిలో చిన్న చిన్న ముళ్లు ఎన్నో. పోర్టింగ్‌కు 1900కు ఎస్ఎంఎస్ పంపాలి. కొన్ని చౌక ప్లాన్లలో అసలు ఎస్ఎంఎస్ పంపే వీలే లేకుండా చేశారు. ఏ రీచార్జి ఉన్నా 1900కు ఎస్ఎంఎస్ వెళ్లి తీరాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ప్రత్యేకంగా ఆదేశించాల్సి వచ్చింది. నెల అంటే 28 రోజులని కంపెనీలు తీర్మానించడంతో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. నెలవారీ ప్లాన్ ఒక్కటైనా ఉండాలని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పాకే 30 రోజుల ప్లాన్లు కనిపించాయి. మాటలు తప్ప డేటా అక్కర్లేని బటన్ ఫోన్ వాళ్లకు విడిగా ప్లాన్ ఉండాలని 2024 డిసెంబరులో మళ్లీ ట్రాయే ఆదేశించాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 84 రోజుల కాల్స్ ప్లాన్లు జియోలో రూ.448, ఎయిర్‌టెల్‌లో రూ.469. డేటా తీసేసినా రోజుకు ఐదు రూపాయలకు పైనే. ఏడాది ప్లాన్లు, ఓటీటీ చందాలు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్, డీటీహెచ్ అన్నీ ఒకే బిల్లులో కలిపే పథకాలు కూడా చందాదారుకు సౌకర్యంతో పాటు ఒక ముడి వేస్తాయి. ఫోన్ ఒక్కటే మార్చాలంటే ముడి మొత్తం విప్పాలి.

ఇంకో సంగతి బయటికి కనిపించదు. అందరికీ చెప్పే ధర ఒకటి, వెళ్లిపోతాడనిపించిన వాడికో, పక్క కంపెనీ నుంచి రాబోయేవాడికో చెవిలో చెప్పే ధర ఇంకొకటి. ఈ ప్రత్యేక ఆఫర్ల వివరాలు ట్రాయ్‌కి ఇవ్వాల్సిందేనని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అవి ట్రాయ్ దగ్గరికి చేరితే సరిపోదు. పదేళ్లుగా నమ్మకంగా రీచార్జి చేస్తున్నవాడు పూర్తి ధర కడుతుంటే, పోతానన్నవాడికి తగ్గింపు ఇవ్వడం అంటే నమ్మకస్థుడి జేబులోంచి తీసి ఇవ్వడమే. ఏ ఆఫర్ ఎవరికి ఇచ్చారో వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా సూటిగా ఉంది. బీఎస్ఎన్ఎల్‌ను బతికించడానికి 2019లో, 2022లో, 2023లో మూడు ప్యాకేజీలు ఇచ్చారు. 2022 ప్యాకేజీ విలువే రూ.1.64 లక్షల కోట్లు. పదిహేడేళ్ల తర్వాత ఆ సంస్థ 2024 అక్టోబరు-డిసెంబరులో రూ.262 కోట్ల లాభం చూపింది. సంతోషమే. కానీ ఆ డబ్బుకు సార్థకత బీఎస్ఎన్ఎల్ లాభంలో లేదు. తదుపరిసారి ప్రైవేటు కంపెనీలు చార్జీలు పెంచిన రోజు కోపంతో వచ్చిన చందాదారుకు సిగ్నల్ అందించడంలో ఉంది. అలా ఒక్క త్రైమాసికం నిలబడగలిగితే ఆ తర్వాతి పెంపు ఆలోచించి చేస్తారు. వొడాఫోన్ ఐడియాలో 49 శాతం వాటా పెట్టుకున్న ప్రభుత్వం దాన్ని సగం ప్రాణంతో నడపడం కన్నా, నెట్‌వర్క్‌పై పెట్టుబడి పెట్టగల స్థితికి తేవడమో, సమర్థుడికి అప్పగించడమో తేల్చుకోవాలి. నత్తనడకన నడిచే మూడో కంపెనీ పోటీ ఉన్నట్టు కనిపింపజేస్తుందే తప్ప పోటీ ఇవ్వదు.

వినియోగదారు చేతిలో ఉన్నది కొంచెమే అయినా వదులుకోకూడదు. రీచార్జి చేసే ముందు ధరను రోజులతో భాగించి చూడాలి. నచ్చకపోతే ‘పోర్ట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కు పంపితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. నెట్‌వర్క్‌లో చేరి 90 రోజులు నిండి ఉండాలి, బాకీ ఉండకూడదు. ఒకే సర్కిల్‌లో మూడు పనిదినాల్లో మారిపోవాలి. తెలుగు రాష్ట్రాలు రెండూ ఒకే సర్కిల్ కాబట్టి విజయవాడ నంబరును హైదరాబాద్‌లో మార్చుకున్నా ఇదే గడువు.

ఇక ట్రాయ్. ప్రతినెలా నివేదికలో ఏ సర్కిల్‌లో ఎన్ని పోర్టింగ్ దరఖాస్తులు వచ్చాయో చెబుతోంది. ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి ఎందరు వెళ్లారో, ఎన్ని దరఖాస్తులు ఏ కారణంతో తిరస్కరించారో చెప్పడం లేదు. ఆ లెక్క కంపెనీల దగ్గర రోజువారీగా ఉంటుంది. దాన్ని చూసుకునే అవి ధరలు నిర్ణయిస్తాయి. అదే లెక్క సర్కిల్ వారీగా, కంపెనీ వారీగా ప్రతినెలా ప్రజల ముందు పెట్టాలని ట్రాయ్ ఆదేశించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. వచ్చే చార్జీల పెంపు లోపే ఆ పని జరగాలి.